నేను కొట్టేసిన ఐదు వారాలు

ఉద్యోగంలో గుర్తుండిపోయిన సంగతి ఒకటి రాసిమ్మని మా ఏఎన్‌ఎంల సంఘం వాళ్ళు అడిగినప్పుడు, వరద నీళ్ళలో పడవ మీద పురుడు పోసిన కథే రాస్తానని అందరూ అనుకున్నారు. ఆ కథ నేను చాలా మీటింగుల్లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కృష్ణలో నీళ్ళు ఒక అడుగు పెరిగేవి. ఈసారి అది రాయడం లేదు. ఆ బిడ్డ ఎలాగూ బతికేదే. నేను లేకపోతే వాళ్ళ అమ్మమ్మే బొడ్డు కోసేది. నేను లేకపోయి ఉంటేనే బతికేదేమో అనిపించే బిడ్డ ఇంకొకటి ఉంది. దాని గురించి రాస్తాను. ఇప్పుడు ట్యాబులు పట్టుకుని ఎండలో తిరుగుతున్న మీలాంటి చిన్నవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. చదివి నన్ను ఏమనుకున్నా ఫర్వాలేదు.

మా సబ్‌సెంటరు దివిసీమలో సముద్రం వైపున్న ఒక ఊళ్ళో ఉండేది. రెండు గదులు, ఒక వరండా, వాన పడితే ఉబ్బిపోయి తెరుచుకోని ఒక తలుపు. ఊరి చుట్టూ సగం వరి, సగం రొయ్యల చెరువులు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో చివరి తొమ్మిదేళ్ళూ నేను అక్కడే చేశాను.

నెలకోసారి మండలంలో రివ్యూ మీటింగు ఉండేది. గోడకు తెర కట్టి ఒక్కో సబ్‌సెంటరు పేరూ చూపించేవారు. గర్భిణులను పన్నెండు వారాల్లోపు నమోదు చేసిన సెంటరు పేరు పచ్చగా, చేయలేకపోయిన సెంటరు పేరు ఎర్రగా ఉండేది. ఎర్రగా ఉన్నవాళ్ళు లేచి నిలబడాలి. యాభై దాటిన వయసులో, మోకాళ్ళ నొప్పులతో, మన కూతురి ఈడు ఆఫీసరు ముందు నిలబడి ఎందుకు ఆలస్యమైందో చెప్పుకోవాలి. నేను రెండుసార్లు నిలబడ్డాను. ఆ తర్వాత నిలబడకుండా ఎలా ఉండాలో నేర్చుకున్నాను.

నేర్చుకోవడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. మనిషి పద్నాలుగో వారంలో వచ్చినా పదిహేడో వారంలో వచ్చినా, ఆఖరి నెలసరి తేదీని కొంచెం ముందుకు జరిపి, అంటే ఈ మధ్యే వచ్చినట్టు రాస్తే పదకొండు వారాలవుతుంది. పేరు పచ్చగా వెలుగుతుంది. ఈ పని నేనొక్కదాన్నే చేశానని చెప్పను, మిగతావాళ్ళ సంగతి ఎత్తను. నేను చేశాను.

పన్నెండు వారాల నియమం పెట్టినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. మొదటి మూడు నెలల్లో కడుపులో పిల్లలందరూ ఇంచుమించు ఒకే లెక్కన పెరుగుతారు. అప్పుడు స్కానింగ్ తీస్తే బిడ్డ వయసు నాలుగైదు రోజులు అటూ ఇటుగా తేలిపోతుంది. పోనుపోను తల్లి రక్తం, బీపీ, తిండి, ఒంటి తీరు, అన్నీ కలిసి ఒక బిడ్డను పెంచుతాయి, ఒక బిడ్డను ఆపేస్తాయి. తొమ్మిదో నెలలో స్కానింగ్ తీస్తే బిడ్డ ఎంత ఉందో తెలుస్తుంది కానీ ఎన్నాళ్ళదో తెలియదు. ఈ సంగతి నాకు ట్రైనింగులో చెప్పారు. నేనూ ఎందరో ఆశా కార్యకర్తలకు చెప్పాను. బాగా చెబుతానని పేరు కూడా ఉండేది.

ఆ అమ్మాయి జులై మొదట్లో వచ్చింది. వెంట అత్తగారు. అమ్మాయిది పామర్రు దగ్గర పల్లెటూరు. మా ఊరికి కోడలుగా వచ్చి ఏడాదిన్నర. అవనిగడ్డలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతికి పాఠాలు చెప్పేది. భర్త రొయ్యల చెరువుల దగ్గర మోటార్లు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు చూసే పని. వారంలో నాలుగు రోజులు చెరువుగట్టు మీదే ఉండేవాడు.

"ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగాను.

చాలామంది ఈ ప్రశ్నకు అత్తగారి ముఖం వైపో, పైకప్పు వైపో చూస్తారు. ఆ అమ్మాయి వెంటనే తేదీ చెప్పింది. వారం కూడా చెప్పింది.

"శనివారం అండి. మా స్కూల్లో యానివర్సరీ అయిన మర్నాడు. నేను క్యాలెండర్లో చుక్క పెట్టుకుంటానండి ఎప్పుడూ."

వేళ్ళ మీద లెక్క కట్టాను. పదహారు వారాలు.

"ఇన్నాళ్ళు ఏం చేశారమ్మా?" అన్నాను విసుగ్గా.

"నేనే ఆపానండి నర్సమ్మగారూ," అంది అత్తగారు. "మూడో నెల దాటేదాకా నలుగురికీ తెలియకూడదని. మా పెద్దమ్మాయికి ముందే అందరికీ చెప్పుకుంటే రెండుసార్లు పోయిందండి. నా భయం నాది."

ఆవిడ భయాన్ని తప్పు పట్టలేకపోయాను. నా భయం నాకూ ఉంది. ఆ నెలలో అప్పటికే ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. ఈ అమ్మాయి మూడోది. మీటింగు ఇంకో నాలుగు రోజుల్లో. తల్లీబిడ్డల కార్డు తీసి, నెలసరి తేదీ గడిలో ఐదు వారాలు ముందుకు జరిపిన తేదీ రాశాను. అదే రిజిస్టరులో, అదే ట్యాబులో. బరువు చూసి, రక్తం తీసి, ఐరన్ మాత్రలిచ్చి పంపించాను. నాలుగు రోజుల తర్వాత మీటింగులో నా పేరు పచ్చగా వచ్చింది. పక్కన కూర్చున్న నా తోటి ఏఎన్‌ఎం ఎర్రగా వచ్చి లేచి నిలబడింది. ఆవిడ నిజం రాసిందని నాకు తెలుసు. పాపం అనుకున్నాను.

మరుసటి నెల ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. స్కూలు నుంచి అటే వచ్చినట్టుంది, చేతి నిండా సుద్ద. కార్డు తెరిచి తేదీ మీద వేలు పెట్టింది.

"మేడం, నేను చెప్పిన డేటు ఇది కాదనుకుంటానండి."

ఆ అమ్మాయి గొంతులో ఫిర్యాదు లేదు. పిల్లల నోటుబుక్కులో తప్పు చూపించినట్టు చూపించింది. ఒప్పుకుని దిద్దేస్తే అక్కడితో అయిపోయేది. రిజిస్టరు దిద్దాలి, ట్యాబులో దిద్దడానికి పైనుంచి అనుమతి కావాలి, ఎందుకు దిద్దావని అడుగుతారు. ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగాయి.

"ఆ తర్వాత నెలలో ఒక్క రోజైనా, కొంచెమైనా కనిపించలేదూ?" అన్నాను.

ఆలోచించింది. "ఒకరోజు చిన్న మరకలా కనిపించిందండి. అంతే."

"అదేనమ్మా. మేం లెక్కేసుకునేది అదే."

"అలాగాండీ," అంది. వెళ్ళేటప్పుడు థాంక్సండీ అని కూడా అంది. ఆ అమ్మాయికి తెలిసిన తేదీని ఆ రోజు ఆమె చేతే అనుమానింపజేశాను. అబద్ధం రాయడం కన్నా ఇదే పెద్ద తప్పని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం, భలే తప్పించుకున్నానని అనుకున్నాను.

ఆ రోజు నుంచి ఆ అమ్మాయి విషయంలో నా దగ్గర రెండు లెక్కలుండేవి. కార్డు మీదది ఒకటి, మనసులోది ఒకటి. మొదట్లో వచ్చినప్పుడల్లా మనసులో ఐదు కలుపుకునేదాన్ని. ఐదో నెల స్కానింగ్‌కి పంపే వేళ వచ్చింది. మనసులో లెక్క ప్రకారం పంపాల్సిన రోజులు దాటిపోతున్నాయి. కార్డు లెక్క ప్రకారం ఇంకా టైముంది. కార్డు లెక్కే పట్టుకున్నాను.

ఆ టైమూ వచ్చింది. మొదటిసారి వెళ్తే స్కానింగ్ డాక్టరు సెలవులో ఉన్నారు. రెండోసారికి కృష్ణకు వరదొచ్చి రోడ్డు మీదకు నీళ్ళెక్కాయి, వారం రోజులు బస్సులు తిరగలేదు. మూడోసారి ఆ అమ్మాయే, "పిల్లలకి పరీక్షలండి, పై వారం వెళ్తాను," అంది. ఇంకెవరైనా అయితే నేను వాళ్ళ ఇంటి మీద పడి, కేకలేసి, ఆశా కార్యకర్తను తోడిచ్చి బస్సెక్కించేదాన్ని. ఆ అమ్మాయిని, "సరేలేమ్మా," అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. స్కానింగ్ తీస్తే ఐదు వారాలు బయటపడతాయి. అదీ సంగతి.

తర్వాత తర్వాత పొట్ట చేత్తో చూస్తుంటే నాకో విషయం తెలుస్తూ వచ్చింది. నా మనసులో లెక్కకు పొట్ట చిన్నది. కార్డు లెక్కకు మాత్రం సరిగ్గా సరిపోతోంది. ముప్పై ఏళ్ళు పొట్టలు చూసిన చెయ్యి ఇది. అప్పుడు గుండె ఝల్లుమనాలి. నాకేమో హాయిగా అనిపించింది. కార్డే నిజమేమో, ఆ పిల్లే తప్పు చెప్పిందేమో, ఆ మరకే నెలసరేమో అనుకున్నాను. నేను రాసిన అబద్ధం దానంతటదే నిజమైపోయిందని నమ్మడం మొదలుపెట్టాను. ఐదు కలుపుకోవడం మానేశాను.

నవంబరు చివర్లో ఆ అమ్మాయికి బీపీ కొంచెం పైకి వచ్చింది. పాదాలు వాచాయి. అత్తగారు కంగారుపడింది.

"ఒక్కసారి మీరు కూడా రండి నర్సమ్మగారూ. నాకక్కడ ఏం చెప్పాలో తెలియదు."

నాకూ బందరులో జిల్లా మీటింగు ఉంది. ముగ్గురం అవనిగడ్డలో బస్సెక్కాం. దారి పొడవునా కోతలు. చల్లపల్లి దాకా ఆ అమ్మాయి నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది.

స్కానింగ్ డాక్టరుగారు పెద్దాయన, నెమ్మదైన మనిషి. నన్ను కూడా లోపలికి రమ్మన్నారు. కార్డు చూశారు. తెర మీద తల కొలిచారు, తొడ ఎముక కొలిచారు, పొట్ట చుట్టూ గీత గీశారు. "కార్డు ప్రకారం ముప్పై ఒకటి. ఇక్కడా ముప్పై ఒకటే వస్తోంది. బాగుంది," అన్నారు.

నాకు ఊపిరి ఆడింది.

ఆయన ఇంకా తెర వైపే చూస్తున్నారు. యంత్రం అటూ ఇటూ జరిపారు. "మాయ కొంచెం ముదిరినట్టుందే. నీరు కూడా తక్కువే," అని గొణుక్కుని, నా వైపు తిరిగారు. "ఏమ్మా, ముందు స్కానింగ్ ఒక్కటి కూడా లేదు. ఈ డేటు కరెక్టేనా?"

మంచం మీద పడుకుని ఆ అమ్మాయి తల తిప్పి నా ముఖంలోకి చూసింది. డాక్టరుగారు అడిగింది నన్ను. ఆమెను కాదు. ఆయన చేతిలో బిడ్డ పొట్ట కొలత ఉంది. నా దగ్గర బిడ్డ వయసు ఉంది. నేను 'ముప్పై ఆరండీ' అని ఉంటే ఆయన ఆ క్షణమే ఆ అమ్మాయిని మంచం మీద నుంచి దింపి నేరుగా పెద్దాసుపత్రికి పంపేవారు. ముప్పై ఆరు వారాల బిడ్డ ముప్పై ఒక్క వారాల బిడ్డంతే ఉందంటే, లోపల తిండి అందడం లేదని అర్థం. బయటికి తీస్తే బతుకుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు.

"కరెక్టేనండీ," అన్నాను.

"సరే. రెండు వారాలాగి మళ్ళీ తీద్దాం. ఎడమ పక్కకి తిరిగి పడుకో అమ్మా. బాగా తిను. కదలికలు చూసుకో," అన్నారు ఆయన. నేను జిల్లా మీటింగుకు వెళ్ళాను. అత్తాకోడళ్ళు బస్టాండు దగ్గర బత్తాయిలు కొనుక్కుని ఊరికి వెళ్ళిపోయారు.

పన్నెండో రోజు పొద్దున్న ఆ అమ్మాయి సబ్‌సెంటరుకు వచ్చింది. నేనింకా వరండా ఊడిపించలేదు.

"మేడం, నిన్న సాయంత్రం నుంచి కదల్లేదండి. మా అత్తయ్య చల్లటి నీళ్ళు తాగించారు. స్వీటు తినిపించారు. అయినా కదల్లేదండి."

పడుకోబెట్టి గుండె చప్పుడు వినే యంత్రం పెట్టాను. బొడ్డు కింద పెట్టాను, ఎడమ పక్క పెట్టాను, కుడి పక్క పెట్టాను. ఒకచోట టకటక వినిపించింది. ఆశగా ఆమె మణికట్టు పట్టుకుని చూశాను. తల్లి నాడే. ఇంకో పది నిమిషాలు అలాగే జరుపుతూ ఉన్నాను. బ్యాటరీ అయిపోయిందేమోనని బ్యాటరీలు కూడా మార్చాను.

"వినిపిస్తోందాండీ?" అని అడిగింది.

"బందరు వెళ్దాం తల్లీ," అన్నాను.

అంబులెన్సులో ఆమె పక్కన నేను, ఎదురుగా అత్తగారు. ఆ అమ్మాయి ఏడవలేదు. స్కూల్లో ఎవరికి క్లాసు అప్పగించాలో ఫోన్లో చెప్పింది. బందరులో ఆసుపత్రిలో చూశారు. బిడ్డ పోయింది. నొప్పులు తెప్పించాలన్నారు. మరుసటి రోజు మధ్యాహ్నం కాన్పయింది. ఆడపిల్ల.

నేను లేబర్ రూములోనే ఉన్నాను. పుట్టిన బిడ్డను లేడీ డాక్టరుగారు చేతుల్లోకి తీసుకున్నారు. తర్వాత కాళ్ళు ఎత్తి అరికాళ్ళు చూశారు. చెవి మడిచి వదిలారు, అది వెంటనే లేచి నిలబడింది. వేళ్ళు విప్పి చూశారు. గోళ్ళు వేళ్ళ చివర్లు దాటి పెరిగి ఉన్నాయి. ఒళ్ళంతా ముడతలు, ఎముకలకు చర్మం చుట్టినట్టు ఉంది. బరువు కిలోన్నర మీద కొంచెం.

"ఇది ముప్పై మూడు వారాల బిడ్డ కాదు," అన్నారు. "నెలలు నిండిన బిడ్డ. లోపలే మాడిపోయింది. కార్డు ఎవరు రాశారు?"

"నేనేనండీ," అన్నాను.

"ఈ డేటు ఎక్కడి నుంచి వచ్చింది?"

ఆ గదిలో నలుగురం ఉన్నాం. డాక్టరు, నర్సు, నేను, మంచం మీద ఆ అమ్మాయి. అప్పుడు చెప్పాల్సింది. బిడ్డ ఎలాగూ పోయింది. ఇంక కాపాడుకోవడానికి నా ఉద్యోగం తప్ప ఏమీ మిగల్లేదు. దాన్నే కాపాడుకున్నాను.

"పేషెంటు చెప్పిందే రాశామండీ."

డాక్టరుగారు ఆ అమ్మాయి వైపు తిరిగారు. చెడ్డ మనిషి కాదు. అలసిపోయి ఉన్నారు, కోపంగా ఉన్నారు. ఆ కోపం పడాల్సిన చోట పడకుండా నేనే దారి మళ్ళించాను.

"ఏమ్మా, టీచరంటున్నావు. డేటు కూడా గుర్తు పెట్టుకోకపోతే ఎలా? నెల ముందు తెలిస్తే ఈ బిడ్డ దక్కేది కదా?"

ఆ అమ్మాయి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "తప్పు చెప్పానేమోనండీ," అంది. "మధ్యలో మరక కనిపించింది. నేనే తప్పు చెప్పి ఉంటానండి."

ఆ మాట తలుపు దగ్గర అత్తగారు విన్నది. సాయంత్రానికి భర్త విన్నాడు. తర్వాత ఊరంతా విన్నది.

వారం తర్వాత మా మెడికల్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. కుర్రవాడు, పీజీ పరీక్షకు చదువుకుంటున్నాడు. పుస్తకం మూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఎవరికైనా చెప్పారా మేడం?"

"లేదండీ. మీరే రాసి పైకి పంపండి. ఏ శిక్ష వేసినా పడతాను."

"మీరొక్కరే పడరు. ఈ ఒక్క కార్డు విప్పితే అన్ని కార్డులూ విప్పాలి. మన పీహెచ్‌సీవి, పక్కవి, అన్నీ. నేను సంతకం పెట్టినవీ ఉంటాయి అందులో." పుస్తకం మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. "ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకోండి మేడం. కారణం తెలియలేదని రాశాం. అలాగే ఉండనివ్వండి."

ఉండనిచ్చాను. నేను చెప్పాను, ఆయనే వద్దన్నాడు అని కొన్నాళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ అమ్మాయి సంగతులు ఆశా కార్యకర్త వచ్చి చెబుతుండేది. స్కూలు మానేసిందని. అత్తగారు ఎవరొచ్చినా, "మా కోడలికి చదువుంది కానీ రోజులు లెక్కపెట్టుకోవడం రాలేదండి," అంటోందని. భర్త మాట్లాడడం తగ్గించాడని. వేసవిలో పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదని.

అప్పుడు వెళ్ళాను. చెప్పకుండా ఇంక ఉండలేక వెళ్ళాను తప్ప ఆ అమ్మాయికి ఏదో మేలు చేద్దామని వెళ్ళానంటే అదీ అబద్ధమే. పామర్రులో బస్సు దిగి ఆటో ఎక్కి వాళ్ళ ఊరు చేరాను. చిన్న డాబా ఇల్లు. ఆ అమ్మాయి వరండాలో కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ వేసింది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

"బాగున్నారాండీ?" అంది.

నీళ్ళు తాగకుండానే చెప్పేశాను. నువ్వు చెప్పిన తేదీ ఇదీ, నేను రాసింది ఇదీ, ఎందుకు రాశానంటే ఇందుకు. స్కానింగ్ దగ్గర ఆయన అడిగితే అబద్ధం చెప్పాను. ఆసుపత్రిలో నీ మీద పెట్టేశాను. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో ఒక చిక్కుడుకాయ అలాగే ఉంది.

"అయితే శనివారమే," అంది చివరికి.

"శనివారమేనమ్మా."

"నేను తప్పు చెప్పానేమో అన్నప్పుడు మీరు నా మంచం పక్కనే ఉన్నారు కదండీ."

"ఉన్నాను."

"నన్ను చూస్తూనే ఉన్నారు."

"చూస్తూనే ఉన్నాను తల్లీ."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె నా వైపు చూడడం మానేసి చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఈనె తీసింది. ఇంకోటి అందుకుంటూ, "పచ్చగా వస్తే మీకు ఏమిస్తారండీ?" అని అడిగింది.

"ఏమీ ఇవ్వరమ్మా. నిలబెట్టరు. అంతే."

తల ఊపింది. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు, తెలిసిపోయినట్టు. తర్వాత ఫోను తీసి భర్త నంబరు నొక్కి, మోగుతున్న ఫోను నా చేతికిచ్చింది.

"ఇదంతా ఆయనకు చెప్పండి. నా ముందే చెప్పండి."

చెప్పాను. అవతల ఏరియేటర్ల హోరు వినిపిస్తోంది. అతను మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అయిపోయాక, "ఇప్పుడు చెప్తే నన్నేం చేయమంటారండీ?" అన్నాడు. ఫోను పెట్టేశాడు. ఆ అమ్మాయి ఫోను తీసుకుని చీర చెంగుతో తుడిచి పక్కన పెట్టింది.

"మా అమ్మ వచ్చే వేళయిందండి. ఆవిడకి చెప్పకండి, తట్టుకోలేదు. మీరు వెళ్ళండి," అంది. మళ్ళీ ఆఖరున అండీ అంది. ఆ అండీ అలవాటు కొద్దీ వచ్చిందే కానీ నాకు ఇచ్చింది కాదు.

భార్యాభర్తలు మళ్ళీ కలిసి ఉంటున్నారని, మా ఊరు వదిలి గుడివాడ మారిపోయారని తర్వాత ఎవరో చెప్పారు. అతను ఫిర్యాదు చేయలేదు. ఎంక్వైరీ జరగలేదు. రిటైరైన రోజు మండలంలో నాకు శాలువా కప్పారు. మా సెంటరు ఎన్ని నెలలు వరసగా పచ్చగా ఉందో మైకులో చదివారు. చప్పట్లు కొట్టారు. నేనూ దణ్ణం పెట్టాను. మీలో చాలామంది ఆ రోజు అక్కడున్నారు.

మొన్నీమధ్య మొవ్వలో ఒక పెళ్ళికి వెళ్ళాను. గుడివాడలో పనిచేసే ఒక ఏఎన్‌ఎం నా పక్కన కూర్చుంది. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. భోజనాల దగ్గర మాటల మీద మాటగా, తన ఏరియాలో ఒక గర్భిణి సంగతి చెప్పింది.

"టీచరమ్మ అండి. ఏడో నెల. ఏం మనిషో తెలుసాండీ? ఆరో వారంలోనే తనంతట తానే వెళ్ళి స్కానింగ్ తీయించుకుంది. పన్నెండో వారంలో మళ్ళీ తీయించుకుంది. ఆ రిపోర్టులు ఎవరి చేతికీ ఇవ్వదు. మన ముందు పట్టుకుని చూపిస్తుంది, అంతే. కార్డులో మేం రాస్తుంటే రెప్ప వేయకుండా పెన్ను వైపే చూస్తుంది. రాశాక కార్డు లాక్కుని మళ్ళీ చదువుకుంటుంది. ఫోటో తీసుకుంటుంది. ఒకసారి నేను ఏడు అంకె సరిగ్గా రాయలేదని మళ్ళీ రాయించింది. ఇన్నేళ్ళుగా చేస్తున్నాం, మన మీద ఆ మాత్రం నమ్మకం లేకపోతే ఎలాగండీ? మీరే చెప్పండి మేడం."

బెంచీ మీద అందరూ నవ్వారు. నా వైపు చూశారు, పెద్దదాన్ని కదా, ఏదో అంటానని.

అక్కడ కూడా నేనేమీ అనలేదు. వడ్డించే అతను వస్తే ఆకు కొంచెం ముందుకు జరిపాను.